ఓర్పుకు ఏడు మాటలు

అరవ లెక్కకు అంగీరస సంవత్సరం చిత్తిరై నెలలో, అంటే ఇంగ్లీషు లెక్కకు పందొమ్మిది వందల ముప్ఫై రెండులో, మా అక్క పుష్పం కుడి చెయ్యి విరిగి పుట్టింటికి వచ్చింది. విరిగి అంటున్నాను గానీ చెయ్యి తనంతట తాను విరగదు కదా. మా బావ పెరుమాళ్సామి విరిచాడు. వాళ్ల ఊరు ఎట్టయాపురం అవతల. అక్కడి నుంచి పత్తి బండిలో కోవిల్‌పట్టికి, కోవిల్‌పట్టిలో రైలెక్కి విరుదునగర్‌కి, విరిగిన చేతికి పైటకొంగుతో ఉయ్యాల కట్టుకుని ఒక్కతే వచ్చింది.

నాకప్పుడు పదహారేళ్లు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఒళ్లంతా ముసలిదైంది గానీ నా కోపం కాలేదు. ఈ సంగతి చెప్పేటప్పుడు అది మధ్యలో లేస్తుంది, సర్దుకోండి.

అక్క వాకిట్లోకి వచ్చేసరికి నైనా బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్నాడు. మా వైపు నాన్నను నైనా అంటాం. మా నైనా రామకృష్ణన్ ఊళ్లో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు వాద్యారు. కలం పట్టిన మనిషి పట్టినట్టే నోరు తెరుచుకుని కూతుర్ని చూశాడు. మా అవ్వ పొన్నమ్మాళ్ మాత్రం చేట పక్కన పెట్టి లేచింది.

"దేనితో కొట్టె?" అని అడిగింది.

"కొట్టలా అవ్వా. పట్టుకొని తిప్పె," అంది అక్క.

"ఏం చేస్తివి?"

"పత్తి ఏరే కూలోళ్లకి మజ్జిగ చిక్కంగా పోస్తినంట."

అవ్వ వెంటనే నన్ను మునుసామి దగ్గరికి తరిమింది. మునుసామి మా పక్కనున్న మిరపకాయల మండీలో మూటలు మోసేవాడు, ఎముకలకు కట్లు కట్టడం తెలిసినవాడు. వాడు వచ్చి మినప్పిండీ కోడిగుడ్డు తెల్లసొనా కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎముకను సరిచేసేటప్పుడు అక్క అరుస్తుందని నేను చెవులు మూసుకున్నాను. అరవలేదు. చెవుల మీద నుంచి చేతులు తీసి చూస్తే గోడ వైపు తిరిగి ఊపిరి పీల్చుకుంటోంది, అంతే. మునుసామే భయపడి, "ఏమ్మా, నొప్పి తెలియడం లేదా?" అని అరవంలో అడిగాడు.

మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. మావాళ్లంటే ఆ నల్లరేగడి ఊళ్లలో, ఐదారు పల్లెల్లో ఉన్న మా బంధుజనం. పెళ్లిలో తండ్రి కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టి చెంబుతో పసుపునీళ్లు పోస్తాడు. అది మొదటి నీళ్లు. కూతురు గొడవపడి పుట్టింటికి వస్తే, పెద్దల ముందు మళ్లీ నీళ్లు పోసి పంపాలి. అది రెండో నీళ్లు. మళ్లీ వస్తే మూడో నీళ్లు, అవే ఆఖరు. ఆ తర్వాత చచ్చినా బతికినా ఆ పిల్ల పుట్టింటి గడప తొక్కడానికి లేదు. అక్కకు పోయిన ఐప్పసిలోనే, అంటే ఆరు నెలల కిందటే, రెండో నీళ్లు అయిపోయాయి. అప్పుడు రెండు పళ్లు ఊడి వచ్చింది.

తండ్రికి ఇష్టం లేకపోతే చెంబు నేల మీద వంపేయవచ్చు. అంతటితో ఆ పెళ్లి తెగిపోయినట్టే. వినడానికి బాగానే ఉంది. కానీ నేలనీళ్లు పోసిన ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లను చేసుకోరు, పెళ్లికీ చావుకూ పిలవరు. అవ్వకు తెలిసినంతలో ఎవరూ పోసిన పాపాన పోలేదు. మా ఆడవాళ్లు తిట్టుకునేటప్పుడు "నేలనీళ్ల ఇంటిదానా" అనుకునేవాళ్లు, అంతే మిగిలింది దాని వాడకం.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. దాచుకుని ఏం లాభం? అక్క రావడానికి రెండు నెలల ముందు, మాసిలోనే నాకు ఒట్టపిడారం సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు చెల్లసామి. ఒక పెళ్లిలో పందిట్లో నిచ్చెనెక్కి మామిడాకులు కడుతూ, కింద ఉన్న నన్ను చూసి నవ్వి, తోరణం కాస్తా వదిలేశాడు. అది వాళ్ల పెద్దమ్మ నెత్తిన పడింది. ఆ నవ్వును నేను ఎన్ని రోజులు దాచుకున్నానో నాకే తెలుసు. ఆవణిలో, అంటే మీ శ్రావణమాసం వైపు, పెళ్లి అన్నారు. సంబంధం కుదిర్చింది మా కులపెద్ద నారాయణసామి తాత.

నైనా ఒక పుస్తకం రాస్తున్నాడు. ఇంగ్లీషువాళ్లు చిన్న క్రియ పక్కన ఇంకో చిన్న మాట తగిలిస్తారు, ఒక్కోసారి రెండు తగిలిస్తారు, దాంతో అర్థం ఎక్కడికో పోతుంది. పిల్లలు పరీక్షల్లో అక్కడే బోర్లా పడేవాళ్లు. అలాంటి క్రియలన్నిటికీ తెలుగులో అర్థాలు, అవి ఎక్కడ పుట్టాయో ఆ కథ, వాటికి సరితూగే మాటలు రాసి అచ్చు వేయించాలని నైనా ఆశ. అరవదేశంలో పుట్టి తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడమే గానీ చదవడం రాని మా జనంలో ఆ పుస్తకం ఎవరు చదువుతారని అవ్వ అడిగితే, "చదవకపోతే పోనీమ్మా, ఉండాల కదా," అనేవాడు. నాకు తెలుగూ ఇంగ్లీషూ ఆయనే నేర్పాడు, శుద్ధప్రతి రాసేది నేనే.

నైనాకు ఒక నియమం ఉండేది. నిఘంటువులో ఉంది కదా అని ఏ తెలుగు మాటనూ పుస్తకంలో ఎక్కించడు. మా ఇంటి భాషలో, బతికున్న మనిషి నోట, అవసరం కొద్దీ రావాలి. అప్పుడే రాస్తాడు. అందుకని ప్రతి క్రియనూ వంటింట్లోకి తెచ్చి అవ్వ ముందు పెట్టేవాడు. ఆ వేసవికి ఆయన చేతిలో ఉన్నది 'పుట్ అప్ విత్'.

"ఒక ఆడది ఉంది, ఆమెకు ఒకటి ఇష్టం లేదు, బాధగా ఉండాది, అయినా ఏమీ అనకుండా ఉంది. దాన్ని నువ్వు ఏమంటావమ్మా?" అని అడిగాడు ఒక పొద్దున.

అవ్వ మిరపకాయల తొడిమలు తీస్తోంది. అక్క ఎడమచేత్తో సాయం చేస్తోంది. నేను గడప మీద కాగితాలు పట్టుకుని కూర్చున్నాను.

"కాపరం అంటాను," అంది అవ్వ.

నైనా నవ్వాడు. "అది కాదమ్మా, మాట చెప్పు."

"ఓర్చుకొనేది. ఇంకేముంది?"

"సహించేది అనొచ్చా?"

"అది కథ చెప్పేవాడి మాట. వాడికేం, చెప్పేసి పోతాడు. మేం అనం."

"తాళేది?"

"అంటాం. కానీ తాళేది వేరే, ఓర్చేది వేరే." అవ్వ చేతిలోని మిరపకాయలు చేటలో పడేసి చీర కాస్త పైకి లాగి పిక్క చూపించింది. దాని మీద అరచేయంత నున్నటి మచ్చ. "ఇది మీ నైనా కొరివితో పెట్టింది రా. దీన్ని ఓర్చుకొంటిని. ఒంటికి ఓర్చుకొనేది. తాళేది కాలానికి. నువ్వు పుట్టి నడిచేదాకా తాళితిని, నడిచినాక బావిలో పడదామని. నడిస్తివి. సరే, మాటలు వచ్చేదాకా అనుకొంటి. భరించేది బరువుకి. ఆరో నెల కడుపుతో నన్ను పత్తిమూట మోయమనె చూడు, దాన్ని భరిస్తిని. అది నిలబడలా."

నైనా రాసుకుంటూనే ఉన్నాడు. దేవుడా, ఆ మనిషి ముఖంలో సంతోషం! ఒక్క ఇంగ్లీషు మాటకు ఇన్ని తేడాలు దొరికాయని.

"దిగమింగేది మాటల్ని. పొరుత్తుకొనేది ఊరోళ్ల ముందర," అంది అవ్వ. ఆ చివరిది అరవం మాట, మేం ఇంట్లో తెలుగు చేసేసుకున్నాం. "పడుండేది అన్నీ అయినాక. రాసుకొంటివా? ఎన్ని అయినాయి?"

"కాపరంతో కలిపితే ఏడమ్మా."

"నీ ఇంగ్లీషోళ్లకి ఒకటే ఉందా? పావం. వాళ్ల మాట యాడ నించి వచ్చె?"

నైనా ఉత్సాహంగా చెప్పాడు. వెనకటి రోజుల్లో 'పుట్ అప్' అంటే దూసిన కత్తిని మళ్లీ ఒరలో పెట్టడమట. ఎవరైనా అవమానిస్తే కత్తికి పని చెప్పకుండా ఒరలో పెట్టుకుని పోయేవాడి గురించి ఆ మాట పుట్టిందని కొందరంటారట. అవమానాన్ని సంచిలో వేసి మూతి కట్టుకోవడం నుంచి వచ్చిందని మరికొందరంటారట.

అవ్వ మళ్లీ ఒక మిరపకాయ అందుకుంది. "ఒరలో పెట్టేదానికి మాకు కత్తి యాడ ఉండాది రా, రామకృష్ణా?"

నైనా కాగితాలు సర్దుకున్నాడు. తలవంచుకుని బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. సాయంత్రం నాకు శుద్ధప్రతికి కాగితం ఇచ్చాడు. ఆ క్రియకు ఉదాహరణ వాక్యం ఇంగ్లీషులో ఉంది. మంచి భార్య కోపిష్ఠి భర్తను ఓర్చుకుంటుంది అని దాని అర్థం. నేను కలం బల్ల మీద పొడిచాను. పాళీ రెండుగా చీలింది.

"ఇది నేను రాయను నైనా."

"వ్యాకరణం సరిగ్గానే ఉంది కదమ్మా," అన్నాడు మెల్లగా.

"అయితే మీరే రాసుకోండి."

ఇంకో ఇంట్లో అయితే నా చెంప పగిలేది. మా నైనా ఎవర్నీ కొట్టి ఎరగడు. స్కూల్లో బెత్తం పట్టని వాద్యారు ఆయన ఒక్కడే. తండ్రి చేతిలో తల్లి పడిన పాట్లు కళ్లారా చూసి పెరిగినవాడు, చెయ్యెత్తకుండా బతికితే చాలు, అదే పెద్ద పుణ్యం అనుకున్నాడు. ఎత్తిన చేతిని పట్టుకోవాలని మాత్రం ఆయనకు తోచలేదు. అది నా కోపం.

చిత్తిరై పోయి వైకాసి మొదట్లో కబురు వచ్చింది, శుక్రవారం మూడో నీళ్లకు వస్తున్నామని. నైనా సరే అన్నాడు. అక్క విని చీరలు మడత పెట్టుకుంది. నేను రాత్రంతా ఏడిచాను అని చెప్పుకోవాలని ఉంది. ఏడవలేదు. అక్క వెళ్లిపోతే ఆవణిలో నా పెళ్లికి అడ్డు ఉండదని నా మనసులో ఒక మూల తెలుసు.

పెరుమాళ్సామి రెండు బళ్లలో ఎనిమిది మందిని తీసుకుని వచ్చాడు. చూడ్డానికి అందగాడు. మాట వెన్న. అవ్వ కాళ్లకు దండం పెట్టి, "అవ్వా, బాగుండావా?" అన్నాడు. నారాయణసామి తాత పంచలో చాప మీద కూర్చున్నాడు. తెల్లటి మీసం, మెడలో రుద్రాక్ష, గట్టిగా దగ్గే అలవాటు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అనే మాట ఆయన ఎత్తలేదు, మా పద్ధతిలో ఎత్తరు. నీళ్లు పోస్తే ఆ మాటలన్నీ కొట్టుకుపోతాయట.

నైనా పసుపునీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాడు. అక్క ఎడమ చెయ్యి చాపింది.

"కుడి చెయ్యమ్మా. ఎడమ చెయ్యి ఇచ్చేది ఏం మర్యాద?" అన్నాడు తాత.

అక్క బద్దలు కట్టిన కుడి చేతిని ఎడమచేత్తో ఎత్తి తెచ్చి మొగుడి అరచేతిలో పెట్టింది. పెరుమాళ్సామి దాన్ని జాగ్రత్తగా, అందరికీ కనబడేలా మృదువుగా అందుకున్నాడు. బొటనవేలు మాత్రం బద్దల సందులోకి పోయింది. నేను పక్కనే పళ్లెం పట్టుకుని ఉన్నాను కాబట్టి చూశాను. వాడు ఆ వేలితో అతుకు ఉన్నచోట నొక్కి, కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు. ముఖంలో చిరునవ్వు అలాగే ఉంది. కటుక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. అక్క నుదుటి మీద చెమట బొట్లు పొడుచుకొచ్చాయి. నోరు తెరవలేదు.

నైనా కూడా చూశాడు. ఆయన చూసింది వాడి వేలిని కాదు, అక్క ముఖాన్ని.

"పొయ్యి నైనా," అంది అక్క. తొందరగా కానీ అన్నట్టు అంది.

నైనా చెంబు వంచాడు. నీళ్లు నేల మీద పడ్డాయి.

ఎవరికీ అర్థం కాలేదు. తాత దగ్గడం మానేశాడు. కాసేపటికి, "వాద్యారూ, చెయ్యి వణికిందా? ఇంకో చెంబు తెమ్మను. ఏం పరవాలేదు," అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. దారి చూపించాడు.

"వణకలేదు పెదనైనా. చెయ్యి బాగానే ఉండాది," అన్నాడు నైనా. తర్వాత పెరుమాళ్సామి వైపు తిరిగి, క్లాసులో పిల్లవాడికి చెప్పినట్టు, "నా బిడ్డ చెయ్యి వదులు," అన్నాడు.

వాడు వదిలాడు. వదిలి అదే చేత్తో నైనాను గూబ మీద కొట్టాడు. మా నైనా ఎడమ చెవి ఆ దెబ్బతోనే పోయింది, చచ్చేదాకా వినబడలేదు. కింద పడ్డాక వాడి వెంట వచ్చినవాళ్లు బండి కర్రలు పీక్కుని వచ్చారు. ఎనిమిది మంది. ఒక బక్క వాద్యారు కోసం! కర్ర పడ్డప్పుడల్లా నైనా ఒక చెయ్యి తలకు అడ్డం పెడుతున్నాడు, కుడిచెయ్యి. మోచిప్ప పగిలిన చప్పుడు వేరుగా వినబడింది, కొబ్బరికాయ కొట్టినట్టు. నేను ఒకడి ముంజేతిని కరిచి వదల్లేదు. వాడు నన్ను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నోట్లో రక్తం నాదో వాడిదో తెలియలేదు. అక్క నైనా మీద బోర్లా పడుకుంది. అక్క వీపు మీద కూడా కొట్టారు.

నారాయణసామి తాత చాప మీద అట్లాగే కూర్చుని ఉన్నాడు. "రేయ్, చాలు రా, చాలు రా," అంటున్నాడు, దూడను అదిలించినట్టు.

అవ్వ వంటింట్లో నుంచి రోకలి తీసుకుని వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. పరిగెత్తలేదు, అరవలేదు. వడ్లు దంచేటప్పుడు ఎట్లా ఎత్తుతుందో అట్లా ఎత్తి, పెరుమాళ్సామి మోకాలి మీద దించింది. వాడు పడ్డాడు. అవ్వ మళ్లీ ఎత్తింది, అదే మోకాలి మీద మళ్లీ దించింది. మూడోసారి ఎత్తేలోపు మండీ నుంచి మునుసామీ మూటలు మోసేవాళ్లూ కేకలు వేస్తూ వచ్చి అడ్డం పడ్డారు. లేకపోతే ఆమె ఆపేది కాదు. వాణ్ణి కాదు ఆమె కొడుతున్నది, ఎప్పుడో చచ్చిపోయిన మా తాతను. ఎత్తినప్పుడల్లా ఆయన పేరు పెట్టి తిడుతోంది.

పోలీసుల దాకా ఎవరూ పోలేదు. ఎందుకో తెలుసా? ఠాణాలో అంతా అరవంలో చెప్పుకోవాలి. ఇంట్లో తెలుగులో జరిగిన సిగ్గుమాలిన పనిని బయటివాళ్ల భాషలో చెప్పడం మావాళ్లకు నామోషీ. అంత కొట్లాట జరిగి, అంత రక్తం కారి, ఆ ఒక్క నామోషీతో రెండు పక్కలా నోళ్లు మూసుకున్నాం. ఇలాంటి తెలివితక్కువ పౌరుషం ఇంకెవరికైనా ఉంటుందా చెప్పండి.

తర్వాత అన్నీ అనుకున్నట్టే జరిగాయి. మాకు వెలి పడింది. ఒట్టపిడారం నుంచి నిశ్చయం తాంబూలం, కొబ్బరికాయతో సహా తిరిగి వచ్చింది. కాయ కుళ్లిపోయి ఉంది. తెచ్చినవాడు దాన్ని వాకిట్లో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా పోయాడు. నైనా మోచెయ్యి మునుసామి ఎంత కట్టినా వంగలేదు. ఎడమచేత్తో బోర్డు మీద రాస్తూ పాఠం చెప్పేవాడు, అక్షరాలు చిన్నపిల్లవాడివిలా ఉండేవి. ఇంటికి వచ్చి పుస్తకం నాకు చెప్పి రాయించేవాడు. ఆ ఉదాహరణ వాక్యం కొట్టేయమని నేను అడగలేదు, ఆయనే అడ్డంగా గీత గీశాడు. గీత కూడా వంకరగానే వచ్చింది.

నేను అక్కతో మాట్లాడడం తగ్గించాను. ఆమె తప్పు ఏముంది? ఏమీ లేదు. అయినా అన్నం పెట్టమంటే గిన్నె చప్పుడయ్యేలా పెట్టేదాన్ని.

ఆవణికి ముందు ఆడి నెలలో ఒకరోజు నారాయణసామి తాత వచ్చాడు. వెలి ఇంట్లో అడుగు పెట్టకూడదు కాబట్టి వీధిలో నిలబడి మాట్లాడాడు. పెరుమాళ్సామికి ఇంకో సంబంధం చూస్తున్నారట. కోవిల్‌పట్టి దగ్గర ఊరు. పిల్ల తల్లి తాయమ్మాళ్ మొండిదట. మొదటి పెళ్లాం నోటితో వింటే గానీ పిల్లనివ్వనని కూర్చుందట.

"పుష్పం వచ్చి, మనిషి మంచోడే, కొంచెం కోపం, ఓర్చుకుంటే సరిపోతుంది అని ఒక మాట అంటే చాలు వాద్యారూ. వెలి నేను ఎత్తించేస్తాను. ఒట్టపిడారం వాళ్లని ఆవణిలో నేనే పిలుచుకొని వస్తాను. చిన్నది ఏం పాపం చేసె?" అన్నాడు. ఆ చిన్నది నేను. తలుపు వెనక నిలబడి వింటున్నాను. తలుపు గడియ రెండు చేతులా పట్టుకున్నాను.

"అడిగేది పుష్పాన్ని. నన్ను కాదు," అన్నాడు నైనా.

"పోయి వస్తాను," అంది అక్క.

కోవిల్‌పట్టి స్టేషను దగ్గర సత్రంలో కలవాలని ఏర్పాటు. నైనా, అక్క, నేను రైల్లో వెళ్లాం. దారి పొడవునా నేను మొక్కుకున్నాను. ఏమని మొక్కుకున్నానో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అక్క నోట మంచివాడు అని రావాలి అని మొక్కుకున్నాను. ఒక్క అబద్ధం. ఆ అబద్ధం తర్వాత ఆ పిల్ల ఏమైతే నాకేం? నాకు నిచ్చెన మీద నుంచి నవ్విన ముఖం కావాలి.

సత్రం లోపలి గదిలో తాయమ్మాళ్ కూతుర్ని పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల తలలో కనకాంబరాలు పెట్టుకుంది. తల ఎత్తలేదు. కాలి బొటనవేలితో చాప ఈనె లాగుతోంది. మగవాళ్లు బయట వరండాలో ఉన్నారు. తాత దగ్గు వినబడుతోంది.

"నువ్వు అబద్ధం చెప్తే నీ బిడ్డలకి తగులుతుంది అని నేను అనను తల్లీ," అంది తాయమ్మాళ్. "నేనూ ఆడదాన్నే. కోపం లేని మగోడు లేడు, అది నాకు తెలుసు. ఒకటే అడుగుతాను. ఓర్చుకోదగినోడేనా?"

అక్క ఆ పిల్లను చూస్తూ అడిగింది. "ఎన్నేండ్లు?"

"పదహారు."

అక్క నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. నా కళ్లలో ఏముందో ఆమెకు బాగా తెలుసు, అమ్మ లేని నన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి తెలియదా. ఆ చూపు చాలాసేపు ఉంది. తర్వాత తాయమ్మాళ్ వైపు తిరిగింది.

"నేను ఐదేండ్లు ఓర్చుకొంటిని అత్తా. పండ్లు పోయె, చెయ్యి పోయె, కడుపులో ఒకటి పోయె. మా నైనా ఆ పొద్దు నీళ్లు పోసి ఉంటే ఇంకా ఓర్చుకొంటానే ఉందును. ఎంతైనా ఓర్చుకోవచ్చు. అంతు లేదు దానికి. అదే దాంట్లో ఉండే చెడ్డది." చూపు మళ్లీ ఆ పిల్ల మీదికి తిప్పింది. "పంపవద్దు."

తాయమ్మాళ్ లేచి కూతురి భుజం తట్టింది. గడప దాటేటప్పుడు ఆ పిల్ల మొదటిసారి తలెత్తి అక్కను చూసింది. బయట నారాయణసామి తాత ఏదో అడిగాడు. తాయమ్మాళ్ తల అడ్డంగా ఊపి బండెక్కింది. తాత మా వైపు చూడలేదు, తుపుక్కున ఉమ్మి, తుండు దులుపుకుని వెళ్లిపోయాడు. అంతే. నా ఆవణి అక్కడితో అయిపోయింది. ఆ ఆవణే కాదు, ఆ తర్వాత ఏ ఆవణీ నాకు రాలేదు.

స్టేషనులో నైనా టిక్కెట్లకు వెళ్లాడు. నేనూ అక్కా ప్లాట్‌ఫాం చివర, పత్తి బేళ్ల పక్కన నిలబడ్డాం. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "సుబ్బూ," అంది.

"నా పేరు ఎత్తవద్దు! ఒక్క మాట అంటే నీ నోరు పడిపోయేదా?" అని అరిచి, ఆమెను చెంప మీద కొట్టాను.

తగిలింది. ఐదు వేళ్లూ తేలాయి. అక్క కదల్లేదు. ఆ కదలకపోవడం చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. మళ్లీ చెయ్యెత్తాను.

ఆమె ఆ చేతిని గాలిలోనే పట్టుకుంది. వంకరగా అతుక్కున్న ఆ కుడిచేత్తోనే పట్టుకుంది, ఎముకకు ఎముక తగిలేంత గట్టిగా.

"వద్దు," అంది. "నన్ను ఇంక ఎవరూ కొట్టేదానికి లేదు సుబ్బూ. నువ్వు కూడా."

గొంతు పెంచలేదు. కళ్లలో నీళ్లు లేవు. నేను గింజుకున్నాను, తిట్టాను, ఏడ్చాను. నైనా టిక్కెట్లు పట్టుకుని వచ్చి, మా ఇద్దరినీ చూసి, కాస్త దూరంలో నిలబడ్డాడు. రైలు వచ్చేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు. రైలెక్కాక వదిలింది. సాత్తూరు దాటినా ఆమె వేళ్ల గుర్తులు నా మణికట్టు మీద ఎర్రగా ఉన్నాయి, సిగ్గేసి నేను కొంగు కప్పుకుని కూర్చున్నాను.